కల్యాణ మండపం ఎల్‌ఈడీ తెరలో మచ్చలు, గీతలు పోగొట్టడం: నా అనుభవం

నెల్లూరులో ఒక కల్యాణ మండపం. వేదిక వెనక 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున ఎల్‌ఈడీ తెర. పీ 3.91 రకం, అంటే చుక్కకీ చుక్కకీ మధ్య దూరం 3.91 మిల్లీమీటర్లు. 500 × 500 మి.మీ. క్యాబినెట్లు (తెరను పేర్చి కట్టే పెట్టెలు) అడ్డంగా 8, నిలువుగా 6, మొత్తం 48. క్యాబినెట్‌కు 4 చొప్పున 192 మాడ్యూళ్లు (దీపాలు అతికించిన పలకలు), మాడ్యూల్‌కు 64 × 64 చుక్కలు. తెర మొత్తం మీద 1024 × 768.

కదిలే బొమ్మలు, పూల డిజైన్లు నడుస్తున్నంతసేపూ ఈ తెరలో లోపం ఎవరికీ కనిపించలేదు. ముహూర్తం లైవ్ వేసినప్పుడే బయటపడింది. పెళ్లికూతురి ముఖం సగం ఒక ఛాయ, సగం ఇంకో ఛాయ. వెనక ఉన్న మీగడరంగు గుడ్డ మీద ఆకుపచ్చ చదరాలు. కుడి కింద మూల ఎర్రజీర. మాడ్యూళ్ల మధ్య సన్నటి తెల్ల గీతలు, అక్కడక్కడా నల్ల గీతలు. రెండు గంటలు నడిచాక పైవరసలు నీలం తిరిగాయి. ఒంటి రంగు, పసుపు బట్టలు, తెల్ల గోడ: ఈ మూడింటి మీదే కంటికి తేడా తొందరగా తెలుస్తుంది. పెళ్లి వీడియోలో ఉండేవీ అవే.

ఇలాంటి తెర చూడగానే చాలామంది ల్యాప్‌టాప్ తీసి కాలిబ్రేషన్, అంటే సాఫ్ట్‌వేర్‌లో రంగుల అంకెలు దిద్దడం, మొదలుపెడతారు. ఇక్కడా అంతకుముందు అదే జరిగింది. ఒక క్యాబినెట్‌కు కరెంటు సరిగా అందక ఎర్రబడితే, సాఫ్ట్‌వేర్‌లో ఎరుపు తగ్గించి సరిపెట్టారు. ఆ లూజు కాంటాక్టు ఇంకో రోజు బిగిసింది, అదే క్యాబినెట్ ఆకుపచ్చగా మారింది. కాలిబ్రేషన్ చేయగలిగింది ఎల్‌ఈడీ దీపాల మధ్య పుట్టుకతో ఉన్న తేడాను సమం చేయడమే. వైరు తప్పును, కార్డు తప్పును, బిగింపు తప్పును అది కప్పుతుంది గానీ తీయదు. అందుకే నేను పట్టుకునే వరస ఇది: కరెంటు, సెట్టింగులు, శుభ్రత, బిగింపు, మాడ్యూళ్ల బ్యాచ్, చిట్టచివర కాలిబ్రేషన్.

ముందు ఉన్నదాన్ని భద్రం చేయాలి. ఇక్కడ నోవాస్టార్ కంపెనీ ప్రాసెసర్, అదే కంపెనీ రిసీవింగ్ కార్డులు (బొమ్మను అందుకుని మాడ్యూళ్లకు పంచే కార్డులు). ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ నోవాఎల్‌సీటీలో అడ్వాన్స్‌డ్ లాగిన్ అయ్యి, స్క్రీన్ కాన్ఫిగరేషన్‌లో రిసీవింగ్ కార్డు ఫైలు, కనెక్షన్ ఫైలు రెండూ చదివి తేదీ పేరుతో దాచాను. పాత కాలిబ్రేషన్ లెక్కల్ని కూడా డేటాబేస్‌గా దాచి, కరెక్షన్ ఆపేశాను. ఆపితేనే తెర అసలు ముఖం కనిపిస్తుంది. ఆపగానే కొన్ని మచ్చలు పోయాయి. అవి పాత లెక్కలు తెచ్చిపెట్టిన మచ్చలే.

తర్వాత పటం గీయడం. ఒక కాగితం మీద 8 × 6 గళ్లు వేసుకుని, హాలు దీపాలన్నీ ఆర్పి, 8 మీటర్ల దూరంలో తెరకు ఎదురుగా నడుమ నిలబడి చూడాలి. పూర్తి ఎరుపు, పూర్తి ఆకుపచ్చ, పూర్తి నీలం, తెలుపు, ఆ తర్వాత 10 శాతం బూడిద. ఒక్కో రంగుకు ఒక్కో పటం. ఈ పటం ముందువైపు నుంచి గీసినది, పని చేసేది వెనకవైపు నుంచి. వెనక నిలబడితే ఎడమ కుడి తారుమారు. 3వ నిలువు వరస వెనక నుంచి 6వది అవుతుంది. అందుకే ప్రతి క్యాబినెట్ వెనక మార్కర్‌తో ముందువైపు లెక్క ప్రకారమే నంబరు రాయించాను. సాయంగా ఉన్న కుర్రాడు "అన్నా, మూడో దాంట్లో రెండోది" అని వెనక నుంచి అరిస్తే ముందున్నవాళ్లకూ అదే అర్థం కావాలి. ఈ నంబర్లు లేకపోతే బాగున్న మాడ్యూల్‌ను ఊడబీకి, బాగాలేనిదాన్ని అక్కడే వదిలేయడం తప్పదు.

ఫోటోలు కూడా తీసుకోవాలి. కెమెరా స్టాండు మీద పెట్టి, అన్నీ మాన్యువల్‌లో: ఐఎస్ఓ 100, వైట్ బ్యాలెన్స్ పగటి వెలుగుకు కట్టేసి, షట్టర్ 1/30 సెకను లేదా అంతకన్నా నెమ్మది. షట్టర్ వేగం పెంచితే స్కానింగ్ వల్ల (తెర వరసలు ఒకదాని తర్వాత ఒకటి వెలగడం వల్ల) నల్ల పట్టీలు పడి, లేని తేడా ఉన్నట్టు కనిపిస్తుంది. ఫోకస్ కొంచెం తప్పించాలి, లేకపోతే కెమెరా చుక్కలు, తెర చుక్కలు కలిసి అలల్లాంటి గీతలు పుడతాయి. ఫోన్ కెమెరా ఆటోలో తీసిన ఫోటో ఈ పనికి చెల్లదు, అది ప్రతిసారీ రంగును తనకు నచ్చినట్టు దిద్దుకుంటుంది.

ఏ కొలతైనా తెర వేడెక్కాకే. తెలుపు వేసి అరగంట నుంచి 40 నిమిషాలు వదిలేశాను. ఎరుపు ఎల్‌ఈడీ తయారయ్యే పదార్థం వేరు, నీలం, ఆకుపచ్చలది వేరు. వేడికి ఎరుపు వెలుగు ఎక్కువ పడిపోతుంది, మిగతా రెండూ అంతగా పడవు. వేడి పైకి చేరుతుంది కాబట్టి పైవరసల్లో ఎరుపు తగ్గి తెలుపు నీలం తిరుగుతుంది. మండపం వాళ్లు చెప్పిన పైవరసల నీలానికి సగం కారణం ఇది. మిగతా సగం, తెర వెనక గాలి ఆడకుండా కట్టిన డెకరేషన్ గుడ్డ. వెనక అడుగున్నర ఖాళీ వదిలి, పైన గుడ్డ తెరిచి, అడుగున రెండు ఫ్యాన్లు పెట్టాక ఆ నీలం చాలావరకు తగ్గింది. చల్లగా ఉన్న తెరను కాలిబ్రేట్ చేస్తే మొదటి గంట మాత్రమే బాగుంటుంది.

ఇక కరెంటు. ఎక్కువ ఓపిక కావాల్సింది ఇక్కడే, ఎక్కువ ఫలితం వచ్చిందీ ఇక్కడే. ఒక్కో క్యాబినెట్‌లో 5 వోల్టులు, 40 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ (230 వోల్టులను 5కు మార్చే పవర్ సప్లై) ఉంది. తెలుపు పూర్తిగా వెలిగితే మాడ్యూల్ ఒక్కటి దాదాపు 7 ఆంపియర్లు లాగుతుంది. ఎస్‌ఎంపీఎస్ నుంచి మాడ్యూల్‌కు 60 సెంటీమీటర్ల వైరు, పోను రాను కలిపి 1.2 మీటర్లు. 1.5 చదరపు మి.మీ. రాగి వైరైతే మీటరుకు దాదాపు 12 మిల్లీ ఓములు. 7 ఆంపియర్లకు 0.1 వోల్టు దారిలోనే పోతుంది. ఎవరో మధ్యలో మార్చిన 0.75 వైరైతే 0.2 పోతుంది. దానికి తోడు కనెక్టర్ పిన్ను వదులై ఇంకో 40 మిల్లీ ఓములు తోడైతే మరో 0.28 వోల్టు. 5 అనుకున్నది మాడ్యూల్ దగ్గర 4.5 అయి కూర్చుంటుంది.

ఎర్రజీర ఎందుకు వస్తుందో ఇక్కడ అర్థమవుతుంది. ఎరుపు ఎల్‌ఈడీకి 2 వోల్టులు చాలు. నీలం, ఆకుపచ్చలకు 3 వోల్టులు దాటాలి, దానిపైన దీపాలను నడిపే డ్రైవర్ ఐసీకి, వరసలు మార్చే స్విచ్ లాంటి మాస్‌ఫెట్‌కు కొంత మిగలాలి. వోల్టేజీ పడితే ముందు దెబ్బతినేది నీలం, ఆకుపచ్చ. ఎరుపు అలాగే నిలుస్తుంది. కాబట్టి తెలుపు వేసినప్పుడు ఎర్రగా, కానీ ఎరుపు ఒక్కటే వేస్తే పక్కవాటితో సమానంగా కనిపించే మచ్చ దాదాపు ఎప్పుడూ కరెంటు మచ్చే. బ్రైట్‌నెస్ 20 శాతానికి దించితే ఎర్రదనం పోతే ఇక అనుమానమే అక్కర్లేదు.

మల్టీమీటర్‌తో కొలిచేటప్పుడు తెర మీద పూర్తి తెలుపు, 100 శాతం బ్రైట్‌నెస్ ఉండాలి. నల్ల తెర మీద అన్నీ 5 వోల్టులే చూపిస్తాయి. ఎస్‌ఎంపీఎస్ టెర్మినల్ దగ్గర ఒకసారి, ప్రతి మాడ్యూల్ పవర్ కనెక్టర్ దగ్గర ఒకసారి. నేను పెట్టుకున్న హద్దు: ఎస్‌ఎంపీఎస్ దగ్గర 5.0, మాడ్యూల్ దగ్గర 4.75కు తగ్గకూడదు, ఒకే క్యాబినెట్‌లో మాడ్యూళ్ల మధ్య 0.1 కన్నా తేడా ఉండకూడదు. కుడి కింద మూడు క్యాబినెట్లు దొరికాయి. ఒకదాని ఎస్‌ఎంపీఎస్ 4.4కు దిగి ఉంది, పక్కనున్న చిన్న పాట్‌ను (వోల్టేజీ సర్దే మరను) స్క్రూడ్రైవర్‌తో తిప్పితే 5.0కు వచ్చి నిలబడింది. మిగతా రెండింటిలో స్క్రూలు వదులై టెర్మినల్ నల్లబడింది. కాలిన వైరు కొన కోసేసి, కొత్త లగ్గు (వైరు కొనకు తొడిగే లోహపు ముక్క) క్రింప్ చేసి బిగించాను. మీటరు పట్టుకునే ఈ పనిలో 230 వోల్టుల టెర్మినల్ కూడా పక్కనే ఉంటుంది. స్క్రూ ముట్టుకునే ముందు మెయిన్ ఆపి, ఎస్‌ఎంపీఎస్‌లో నిలవ ఉన్న చార్జి పోయేదాకా ఆగాలి.

వోల్టేజీ పెంచితే వెలుగు పెరుగుతుందని 5.4 దాకా తిప్పేవాళ్లను చూశాను. పెరగదు. డ్రైవర్ ఐసీ స్థిరమైన కరెంటు ఇచ్చేది, అవసరానికి మించిన వోల్టేజీ అంతా ఐసీలోనే వేడిగా పోతుంది. ఆ వేడికి మళ్లీ ఎరుపు పడుతుంది. అలాగే "జనరేటర్ వోల్టేజీ ఆడుతోంది సార్, అందుకే మచ్చలు" అనే మాట కూడా నిలవదు. లోపలికి వచ్చేది 200 నుంచి 240 మధ్య ఉన్నంతవరకు ఎస్‌ఎంపీఎస్ 5 వోల్టులు నిలబెడుతుంది. జనరేటర్ మరీ తక్కువకు పడితే తెర ఆరిపోతుంది, ఒక్కచోట మచ్చ కట్టదు.

కరెంటు సరిచేశాక ఎర్రజీర పూర్తిగా పోయింది, అప్పటికి సాఫ్ట్‌వేర్‌లో ఒక్క అంకె కూడా మార్చలేదు.

తర్వాత సెట్టింగులు. చదరంగా ఒక క్యాబినెట్ మొత్తం ఒకే తీరుగా తేడాగా ఉంటే, అంచులు సరిగ్గా క్యాబినెట్ అంచులతో కలిస్తే, తప్పు రిసీవింగ్ కార్డులో. కార్డులన్నిటి ప్రోగ్రామ్ వెర్షన్ చదివాను. రెండు కార్డులు వేరే వెర్షన్, వాటిలో కరెంట్ గెయిన్ (దీపాలకు వెళ్లే కరెంటు మోతాదు) కూడా వేరు. పక్క తెర నుంచి అప్పు తెచ్చిన క్యాబినెట్లు అవి. వెర్షన్ ఒకటి చేసి, బాగున్న కార్డు ఫైలును అన్నిటికీ పంపి, సేవ్ నొక్కాను. పంపడం వేరు, సేవ్ వేరు. పంపి వదిలేస్తే తెర బాగానే కనిపిస్తుంది, రాత్రి మెయిన్ ఆపి పొద్దున వేస్తే పాత కథే.

నెట్‌వర్క్ కేబుల్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఒక పోర్టు 60 హెర్ట్జ్‌లో మోయగలిగేది సుమారు 6.5 లక్షల చుక్కలు. ఈ తెర 7.86 లక్షలు. కాబట్టి రెండు పోర్టులు, చెరో 24 క్యాబినెట్లు. మాడ్యూల్‌లో పైసగానికో కిందిసగానికో ఒక్క రంగే రాకపోతే అది ఎల్‌ఈడీ తప్పు కాదు. షాపుల్లో ఉండే హబ్ 75 కనెక్టర్ మాడ్యూళ్లలో ఫ్లాట్ కేబుల్ 1, 2, 3 పిన్నులు పైసగం ఎరుపు, ఆకుపచ్చ, నీలం, 5, 6, 7 పిన్నులు కిందిసగానివి. రంగు, సగం చూసి పిన్ను చెప్పేయవచ్చు. కేబుల్ మార్చి చూశాకే మాడ్యూల్ విప్పండి.

శుభ్రత చిన్న విషయంలా ఉంటుంది, కానీ మండపాల్లో కాదు. హోమం పొగ, కర్పూరం, సాంబ్రాణి తెర మీద జిడ్డు పొరలా పడతాయి, దాని మీద పసుపు, దుమ్ము అంటుకుంటాయి. వేదిక నడుమ కింది రెండు వరసలు అలాగే మసకబారాయి. ముందు మెత్తటి బ్రష్, బ్లోయర్‌తో దులిపి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన నూలు రాలని గుడ్డతో పైనుంచి కిందికి ఒకే దిశలో తుడిచాం. కరెంటు ఆపి, ఆల్కహాల్ ఆరాకే వెలిగించాలి. నీళ్లు, థిన్నర్, పెట్రోల్ వద్దు. థిన్నర్ నల్ల మాస్క్‌ను తెల్లబరుస్తుంది, ఆ మచ్చ ఏ కాలిబ్రేషన్‌కూ లొంగదు. చీమకుర్తి వైపు తెరలకు ఇదే సమస్య గ్రానైట్ దుమ్ముతో వస్తుంది. దాన్ని ముందు గాలితో ఊదాలి, నేరుగా తుడిస్తే గీతలు పడతాయి.

ఇక బిగింపు. గీతల సంగతి మొత్తం ఇదే. రెండు మాడ్యూళ్ల మధ్య ఖాళీ 0.1 మి.మీ. పెరిగితే ఆ ఒక్క వరసలో చుక్కల మధ్య దూరం 3.91 నుంచి 4.01 అవుతుంది. ఆ గీత మేర వెలుగు దాదాపు రెండున్నర శాతం తగ్గి నల్లగా కనిపిస్తుంది. మాడ్యూళ్లు ఒకదాన్నొకటి ఒత్తుకుంటే దూరం తగ్గి తెల్ల గీత. పీ 2.5 తెరలో అదే 0.1 మి.మీ. 4 శాతం తేడా తెస్తుంది. చుక్కలు దగ్గరయ్యే కొద్దీ బిగింపులో మన్నింపు తగ్గిపోతుంది.

మెకానిక్‌లు సందులు కొలవడానికి వాడే ఫిల్లర్ గేజ్ తెచ్చి ప్రతి సందులో పెట్టి చూశాను. లోపం అడుగున దొరికింది. కింది ఇనుప బీమ్ కుడిచివర 3 మి.మీ. కుంగి ఉంది. అడుగు వరస వంగితే పైన 5 వరసలూ ఆ వంపునే మోస్తాయి. క్యాబినెట్లు పైనుంచి విప్పుకుంటూ వచ్చి, లెవెల్ పెట్టి, బీమ్ కింద పలకలు వేసి సమం చేసి, మళ్లీ అడుగు నుంచి కట్టుకుంటూ వెళ్లాం. లాక్‌లు ఒకేసారి బిగించకూడదు. అన్నీ వేళ్లతో పట్టించి, ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా బిగించాలి. మాడ్యూల్ వెనక అయస్కాంతం స్క్రూలు తిప్పి ముందుకు వెనక్కు సర్దవచ్చు. టార్చి లైటును తెరకు ఆనించి పక్కనుంచి వేస్తే ముందుకు పొడుచుకొచ్చిన మాడ్యూల్ నీడ వేస్తుంది. రెండు సందుల్లో నల్ల గీతకు కారణం ఏమిటంటే మల్లెపువ్వు రేకు ఎండి ఇరుక్కోవడం. ఊది తీసేశాం.

ఇంకో సంగతి కూడా ఈ విప్పడంలోనే దొరికింది. నాలుగు మాడ్యూళ్లు తలకిందులుగా ఉన్నాయి. నాలుగు మూలల అయస్కాంతాలూ ఒకటే కాబట్టి ఎటు పెట్టినా అతుక్కుంటాయి, పొడవు ఎక్కువున్న కేబుల్ కూడా అందుతుంది. బొమ్మ వేస్తే ఆ ముక్క తలకిందులుగా వస్తుంది, కానీ ఒకే రంగు వేసి ఎదురుగా చూస్తే తేడా తెలియదు. బంతి వరసల్లో పక్కకు కూర్చున్నవాళ్లకు మాత్రం ఆ మాడ్యూల్ వేరే రంగు. ఎల్‌ఈడీ లోపల మూడు రంగుల చిప్‌లు ఒక వరసలో ఉంటాయి, తలకిందులు చేస్తే పక్కచూపుకు వరస తిరగబడుతుంది. మాడ్యూల్ వెనక బాణం గుర్తు ఉంటుంది, అన్నీ పైకే చూడాలి.

ఇప్పుడు ఆకుపచ్చ చదరాలు. ఇవి నిజమైన ఎల్‌ఈడీ తేడాలు. పాడైన 24 మాడ్యూళ్ల స్థానంలో కొన్న కొత్తవి తెరంతా చెదురుగా ఉన్నాయి. పేరు అదే, సైజు అదే, బ్యాచ్ వేరు. ఎల్‌ఈడీలు ఫ్యాక్టరీలో వెలుగును బట్టి, తరంగదైర్ఘ్యాన్ని బట్టి బిన్‌లుగా వేరు చేస్తారు. ఆకుపచ్చ 525 నానోమీటర్ల దగ్గర కొన్ని నానోమీటర్లు జరిగినా కన్ను పట్టేస్తుంది. పైగా పాతవి వాడకంలో కొంత మసకబారి ఉంటాయి. కొనేముందు మాడ్యూల్ వెనక ముద్రించిన బ్యాచ్ నంబరు, డ్రైవర్ ఐసీ నంబరు రెండూ ఫోటో తీసుకుని పోవాలి. చెన్నైలో ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌కు పోయినా, ఆన్‌లైన్‌లో తెప్పించినా "పీ 3.91 ఇవ్వండి" అంటే సరిపోదు. ఐసీ మారితే ఒకే ఫైలుతో రెండు రకాలూ సరిగ్గా నడవవు, తక్కువ వెలుగులో తేడా ఇంకా ఎక్కువవుతుంది. ఇక్కడ అదృష్టం, ఐసీ ఒకటే.

వేరే బ్యాచ్ మాడ్యూళ్లను ఎక్కడ పెట్టాలన్నది తేడా ఎంతన్న దాన్ని బట్టి. తేడా కనీకనిపించనంత ఉంటే తెరంతా చల్లేస్తే కన్ను మరిచిపోతుంది. తేడా స్పష్టంగా ఉంటే చల్లితే చదరంగపు బల్ల అవుతుంది. ఇక్కడ స్పష్టంగానే ఉంది. 24 మాడ్యూళ్లంటే 6 క్యాబినెట్లు, 6 క్యాబినెట్లంటే సరిగ్గా ఒక నిలువు వరస. అన్నిటినీ ఏరి కుడిచివర వరసలో చేర్చాను. ఇప్పుడు సరిచేయాల్సిన హద్దు ఒకే ఒక్క నిలువు గీత, లెక్క కూడా ఒక్కటే. మాడ్యూళ్లు స్థానం మారాయి కాబట్టి కార్డుల్లో మిగిలిన పాత లెక్కలన్నీ చెరిపేశాను.

కొలతకు రంగులు కొలిచే ఖరీదైన కలరీమీటర్ లేదు. వెలుగు కొలిచే మామూలు లక్స్ మీటర్‌కు నల్ల చార్ట్ కాగితంతో 10 సెం.మీ. వెడల్పు, 15 సెం.మీ. పొడవు గొట్టం చుట్టి, గొట్టం అంచు తెరకు ఆనించి కొలిచాను. అంత మేరలో దాదాపు 500 చుక్కలు వస్తాయి, ఒకటీ అరా తేడా సగటులో కలిసిపోతుంది. చవక లక్స్ మీటర్ ఎరుపును, నీలాన్ని సరిగా కొలవదన్నది నిజం. కానీ ఎరుపును ఎరుపుతో, నీలాన్ని నీలంతో పోల్చినంతవరకు ఆ తప్పు రెండువైపులా ఒకటే, నిష్పత్తి చెడదు. తెర వాడే 60 శాతం బ్రైట్‌నెస్‌లోనే కొలిచాను. పాతవైపు సగటు ఎరుపు 41, ఆకుపచ్చ 96, నీలం 15.5 లక్స్. కొత్త వరసలో 44, 108, 16.

ఎక్కువ ఉన్నదాన్ని తక్కువకు దించడమే దారి, ఉన్న వెలుగుకు మించి ఎవరూ పెంచలేరు. 41ని 44తో భాగిస్తే 0.93, 96ని 108తో భాగిస్తే 0.89, 15.5ని 16తో భాగిస్తే 0.97. కాలిబ్రేషన్‌లో ఆ వరస క్యాబినెట్లను ఎంచుకుని ఈ మూడు అంకెలు ఇచ్చాను. ఎరుపు, నీలం హద్దు మాయమైంది. ఆకుపచ్చ వెలుగు సమమైనా ఛాయ కలవలేదు. కొత్తది కొంచెం నీలంవైపు, పాతది కొంచెం పసుపువైపు. దీనికి వెలుగు తగ్గించడం మందు కాదు. ఆకుపచ్చ వెలిగేటప్పుడు కొత్త వరసలో పిసరంత ఎరుపు కలవాలి. పూర్తి ఆకుపచ్చ తెర వేసి, ఎరుపు కలిపే అంకెను 0.01 చొప్పున పెంచుకుంటూ పోతే 0.03 దగ్గర హద్దు కరిగిపోయింది. ఆ 3 శాతం ఎరుపు తన వంతుగా 1.3 లక్స్ తెస్తుంది కాబట్టి ఆకుపచ్చను 0.89 నుంచి 0.88కి దించాను. అంకె మార్చిన ప్రతిసారీ ఒక నిమిషం కళ్లు తెర నుంచి తిప్పుకోవాలి. ఆకుపచ్చను చూస్తూ ఉంటే కన్ను అలిసి ఏది చూసినా సమానంగా కనిపిస్తుంది. ఇద్దరు చూస్తే మంచిది, ఒకరు ఎదురుగా, ఒకరు పక్కగా.

మిగిలిన గీతలు సీమ్ కరెక్షన్‌లో, అంటే మాడ్యూళ్ల అంచు వరసల వెలుగు మాత్రమే దిద్దే చోట. తెల్ల గీతలున్న వరసలకు 0.97, 0.96 ఇస్తే చాలింది. నల్ల గీతకు 1 కన్నా ఎక్కువ కావాలి. అందుకు చోటు ఉండాలంటే తెర మొత్తాన్ని 0.95కు దించి, ఆ గీతల్ని మాత్రం 0.98, 0.99 దగ్గర ఉంచాలి. 5 శాతం వెలుగు పోతుంది, హాలులో ఎవరికీ తెలియదు. కానీ గీత మరీ నల్లగా ఉంటే మళ్లీ గేజ్ దగ్గరకే పోవాలి. సాఫ్ట్‌వేర్‌తో సరిచేసిన గీత ఎదురుగా చూసేవాళ్లకే పోతుంది, పక్కనుంచి ఖాళీ ఖాళీలాగే ఉంటుంది.

ప్రతి చుక్కనూ విడిగా కొలిచే కెమెరా కాలిబ్రేషన్ ఈ తెరకు చేయలేదు. దానికి చీకటి, కదలని స్టాండు, మంచి డీఎస్‌ఎల్‌ఆర్, ఒక పూట సమయం కావాలి. ఒకే మాడ్యూల్ లోపల చుక్కచుక్కకూ తేడా కనిపిస్తే, ఇసుక చల్లినట్టుంటే, అప్పుడు అదే శరణ్యం. ఇక్కడ మాడ్యూళ్ల లోపల బాగానే ఉంది.

10 శాతం బూడిదలో ఇంకా కొన్నిచోట్ల ఎర్రటి మరకలు మిగిలాయి. తక్కువ వెలుగులో ఐసీ ఒక్కో దీపాన్ని వెలిగించే సమయం చాలా చిన్నది, ఆ కాస్త సమయంలో చానెళ్ల మధ్య తేడా పెద్దదై కనిపిస్తుంది. దీన్ని తగ్గించడానికి సాఫ్ట్‌వేర్ బ్రైట్‌నెస్ దించే అలవాటు మానుకోవాలి. రాత్రి ఫంక్షన్‌కు ఎప్పుడూ 30 శాతంలోనే వాడే తెరైతే, కరెంట్ గెయిన్‌ను శాశ్వతంగా తగ్గించి బ్రైట్‌నెస్ అంకెను పైన ఉంచితే వెలుగు మెట్లు తెగవు, మరకలు తగ్గుతాయి. అయితే గెయిన్ మారిస్తే కాలిబ్రేషన్ మళ్లీ కొలవాలి. అందుకే గెయిన్ ముందు, లెక్కలు తర్వాత. నేను గెయిన్ తగ్గించి కొలతలు ఇంకోసారి తీశాను, నిష్పత్తులు దాదాపు అవే వచ్చాయి. తెలుపును 6500 కెల్విన్ దగ్గర పెట్టి, వీడియోవాళ్ల కెమెరా వైట్ బ్యాలెన్స్ కూడా దానికే కట్టమన్నాను.

పాడైన పాత మాడ్యూళ్లను పారేయొద్దని మండపం వాళ్లకు గట్టిగా చెప్పాను. పాత బ్యాచ్ ఎల్‌ఈడీలు ఇక ఎక్కడా దొరకవు, అవే దాతలు. ఒక చుక్క పోతే పాత మాడ్యూల్ నుంచి పీకి ఇందులో అతకాలి. అతికే ముందు రెండు మాడ్యూళ్లనూ 60 డిగ్రీల దగ్గర 24 గంటలు ఆరబెట్టాలి. ఎల్‌ఈడీ గాలిలో తేమ పీల్చుకుని ఉంటుంది, ఒక్కసారి వేడి తగిలితే లోపల ఆవిరై పొర లేస్తుంది. 138 డిగ్రీలకు కరిగే బిస్మత్ సోల్డర్ పేస్ట్ వాడితే పక్క దీపాలకు దెబ్బ తక్కువ.

తేమ సంగతి మన తీరంలో మరిచిపోకూడనిది. మైపాడు, కృష్ణపట్నం, కొత్తపట్నం వైపు గాలిలో ఉప్పు కూడా ఉంటుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానల్లో, పెళ్లిళ్లు లేనప్పుడు తెర వారాల తరబడి ఆరి ఉంటుంది. అలాంటి తెరను ముహూర్తం రోజు పొద్దున ఒక్కసారిగా 100 శాతం వేస్తే చుక్కలు చచ్చిపోవడం, ఒక నిలువు గీత మొత్తం వెలిగి ఉండిపోవడం అప్పుడే మొదలవుతుంది. ముందురోజు 20, 30 శాతంలో నాలుగైదు గంటలు నడిపి, తర్వాత పెంచాలి. వాడకం లేని రోజుల్లో వారానికి రెండుసార్లు రెండు గంటలు వెలిగించాలి. పెట్టెల్లో సర్దేటప్పుడు సిలికా జెల్ వేయాలి.

చివరగా దాచడం. కొత్త లెక్కల్ని కార్డుల్లో సేవ్ చేసి, తెర మొత్తం డేటాబేస్‌ను ల్యాప్‌టాప్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి దాచాను. మెయిన్ ఆపి పది నిమిషాల తర్వాత వేసి, లెక్కలు నిలిచాయో లేదో చూశాను. ఈ తెరలో లెక్కలు కార్డులోనే ఉంటాయి, మాడ్యూల్ మీద ఫ్లాష్ మెమరీ లేదు. కాబట్టి కుడిచివర వరసలోని మాడ్యూల్‌ను ఎవరైనా నడుమకు మారిస్తే ఆకుపచ్చ చదరం మళ్లీ వస్తుంది, దాని చోట పెట్టిన పాత మాడ్యూల్ మసకబారుతుంది. ఆ వరస మాడ్యూళ్ల వెనక ఎర్ర టేపు అంటించి "కొత్త బ్యాచ్, కదపొద్దు" అని రాయించాను. స్పేర్‌గా పాత బ్యాచ్‌వి 4, కొత్తవి 2 విడివిడి కవర్లలో పెట్టి, కవరు మీద బ్యాచ్ నంబరు, తేదీ, కొలిచిన మూడు లక్స్ అంకెలు రాసి తెర వెనక పెట్టెలోనే ఉంచాం.